వినకూడని సలహాలు: మోటార్‌సైకిలు వెనక ట్రైలర్ కట్టేవారికి

మా అన్నయ్య కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. పోయిన నెల ఫోన్ చేసి, "బాబాయ్, నా హోండా గోల్డ్‌వింగ్ బండి వెనక కట్టడానికి చిన్న ట్రైలర్ ఒకటి చూశాను, సెకండ్ హ్యాండ్‌ది. తెలిసినవాళ్ళని అడిగితే తలో మాట చెప్పారు. నువ్వు పదేళ్ళుగా లాగుతున్నావు కదా, ఏది వినాలి?" అన్నాడు. రాసుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే చదివి వినిపించాడు. వింటున్నంతసేపూ నాకు గుబులుగానే ఉంది. వాటిలో సగం ఒకప్పుడు నాకూ ఎవరో ఒకరు చెప్పినవే. కొన్ని నమ్మాను. ఒకటి నాకూ మా ఆవిడకీ ప్రాణాల మీదికి తెచ్చింది. వాడికి చెప్పిన జవాబులే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో కొటేషన్లలో ఉన్న తప్పుడు సలహాలు ఎంత అనుభవం ఉన్నవాళ్ళ నోట విన్నా పాటించకండి.

"వెనక ట్రైలర్ ఉన్నట్టే తెలియదు." మిగతా తప్పుడు సలహాలన్నీ దీని కడుపున పుట్టినవే. అమ్మేవాడు ఇదే అంటాడు, కొన్నవాడు ఇదే అంటాడు. నున్నటి రోడ్డు మీద, గాలి లేని రోజున, ఆరు సిలిండర్ల ఇంజను లాగుతుంటే నిజంగానే తెలియదు. ఇంజనుకి తెలియకపోవడం వేరు, బ్రేకుకి తెలియకపోవడం వేరు. నా బండి లెక్క చెబుతాను. 2008 నాటి గోల్డ్‌వింగ్ సుమారు 900 పౌండ్లు, మేమిద్దరం 300. ట్రైలర్ సామానుతో కలిపి 330. ఈ సైజు ట్రైలర్లలో చాలావాటికి సొంత బ్రేకులుండవు, నాదానికీ లేవు. అంటే 1,530 పౌండ్లని 1,200 పౌండ్లు మోస్తున్న రెండు టైర్లే పట్టి ఆపాలి. ట్రైలర్ లేనప్పుడు 60 మైళ్ళ వేగం నుంచి 150 అడుగుల్లో ఆగే బండి, అదే రోడ్డు మీద అంతే గట్టిగా బ్రేకు వేసినా ఇప్పుడు 190 అడుగులు తీసుకుంటుంది. ఆ 40 అడుగుల్లో రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి పడతాయి. ముందున్న బండికీ మీకూ మధ్య రెండు సెకన్ల ఎడం ఉంచే అలవాటుంటే దాన్ని నాలుగు చేసుకోండి. వానలో ఇంకా ఎక్కువ.

వెనక ట్రైలర్ ఉందన్న సంగతి ప్రతి నిమిషం తెలుస్తూనే ఉండాలి. తెలియడం మానేసిన రోజున బండి పక్కకి తీసి ఆపి, ఒక కాఫీ తాగి బయల్దేరండి.

"హోండా వాళ్ళ పుస్తకంలో వద్దని ఉంటుందిలే, కేసుల భయంతో రాస్తారు." గోల్డ్‌వింగ్ మాన్యువల్లో ట్రైలర్ లాగవద్దని, సైడ్‌కార్ తగిలించవద్దని ఉంది, ఈ బండిని వాటికోసం తయారు చెయ్యలేదని ఉంది. ఆ పేజీ చదివాకే నేను ట్రైలర్ తగిలించే హిచ్ బిగించాను. అందుకే చెబుతున్నాను, ఆ పేజీని చులకన చేసేవాడి మాట వినవద్దు. ఫ్రేము, వెనక టైరు, బ్రేకులు, సస్పెన్షను వేటినీ ఆ అదనపు బరువుకి లెక్క కట్టలేదని కంపెనీ చెబుతోంది. అంటే ఆ లెక్క కట్టే బాధ్యత పూర్తిగా మన నెత్తిన పడింది. ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే చెప్పి కాగితం మీద రాయించుకోవడం, రాష్ట్రాన్ని బట్టి ట్రైలర్ రిజిస్ట్రేషన్ చూసుకోవడం, వెనక టైరు ఎప్పుడూ కొత్తదిగా ఉంచుకోవడం అన్నీ అందులోకే వస్తాయి. ఆ బాధ్యత బరువనిపిస్తే ట్రైలర్ కొనకపోవడమే మంచిది. అందులో చిన్నతనం ఏమీ లేదు.

"బరువైనవి తలుపు దగ్గర పెట్టుకో, తియ్యడానికి వీలుగా ఉంటుంది." ఇదే నన్ను ముంచబోయిన సలహా. దీని గురించి కాస్త ఎక్కువ రాయాలి.

మా ట్రైలర్‌కి తలుపు వెనకవైపు. ఒక ఏడాది లేబర్ డే సెలవులకి వర్జీనియాలోని నేచురల్ బ్రిడ్జ్ దగ్గర క్యాంపింగ్‌కి బయల్దేరాం. గుడారం, పరుపులు ముందు సర్దాను. 50 పౌండ్ల ఐస్ పెట్టె, నీళ్ళు, పెరుగు, రెండు రోజులకి సరిపడా చికెన్‌తో సహా, ఆఖర్న తలుపు పక్కనే పెట్టాను. దారిలో ఆగినప్పుడల్లా మా ఆవిడ తలుపు తీసి పులిహోర డబ్బా అందుకోవడానికి వీలుగా ఉంటుందని. స్టాంటన్ దాటాక ఇంటర్‌స్టేట్ 81 మీద ఒక పొడుగాటి దిగుడు. స్పీడోమీటరు 68 చూపిస్తోంది. పక్క వరసలో పెద్ద లారీ ఒకటి మమ్మల్ని దాటింది. దాని ముక్కు తోసిన గాలి ముందు ట్రైలర్‌కి తగిలింది. ఎడమ అద్దంలో ట్రైలర్ చక్రం కనపడింది. ఎప్పుడూ కనపడనిది. మరుక్షణం కుడి అద్దంలో కుడి చక్రం. మళ్ళీ ఎడమ. సీటు కింద బండి నడుము ఎవరో పట్టుకుని ఊపుతున్నట్టుగా ఉంది.

అప్పుడు ఇంకో సలహా గుర్తొచ్చింది. "ఊగితే గ్యాస్ ఇవ్వు, లాగి సరిచేస్తుంది." ఇచ్చాను. ఒక్క సెకను. ఊపు రెట్టింపయింది. మా ఆవిడ వేళ్ళు నా జాకెట్‌లోంచి పక్కటెముకలకి గుచ్చుకున్నాయి. గ్యాస్ మెల్లగా వదిలేశాను. బ్రేకు ముట్టుకోలేదు, హ్యాండిల్ తిప్పి ఊపుని ఎదుర్కోలేదు, మోకాళ్ళతో ట్యాంకుని బిగించి నేరుగా ముందుకే చూశాను. 50కి దిగేసరికి ట్రైలర్ తోక ఆడించడం మానింది. రోడ్డు పక్కన ఆపాక మా ఆవిడ దిగి గడ్డిలో కూర్చుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

హిచ్ విప్పి ట్రైలర్ ముందు కడ్డీ ఎత్తి చూశాను. రెండు వేళ్ళతో లేచింది.

ఆ కడ్డీని ఇక్కడ అమెరికాలో ట్రైలర్ నాలుక అంటారు. మాకు అది నొగ. మా తాతయ్యకి గుడివాడ దగ్గర పల్లెలో ఎడ్లబండి ఉండేది. వడ్ల బస్తాలు ఎత్తాక, ఎడ్లని కట్టకముందు, ఆయన కాడి దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో నొగని ఒకసారి పైకెత్తి చూసేవాడు. తేలిగ్గా లేస్తే, "వెనక తూగుతోంది, రెండు బస్తాలు ముందుకి లాగండిరా" అనేవాడు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల గొంతుకింద తాళ్ళు బిగుసుకుంటాయి. ముందు ఎక్కువైతే మెడలు పుండ్లు పడతాయి. ఎగుడు ఎక్కేటప్పుడు నొగ మీదికి జరిగి కూర్చునేవాడు, దిగేటప్పుడు వెనక్కి జరిగేవాడు. ఇరుసుకి ముందు ఎంత, వెనక ఎంత అన్నది ఆయన చేతులకి తెలుసు. ఆ చేతులు పట్టుకుని పెరిగిన నేను, తలుపు దగ్గర ఐస్ పెట్టె పెట్టాను.

సామాను బరువు ఇరుసుకి వెనక పడితే ట్రైలర్ ఊగడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఒక వేగం దాకా ఊపు దానంతటదే తగ్గిపోతుంది. ఆ వేగం దాటితే ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. గ్యాస్ ఇస్తే మనం వెళ్ళేది ఆ ప్రమాదపు వేగంలోకే. గట్టిగా బ్రేకు వేస్తే ట్రైలర్ వెనకనుంచి తోసి బండిని పక్కకి మడుస్తుంది. మెల్లగా గ్యాస్ వదలడం తప్ప వేరే దారి లేదు. ఆ తరవాత దిగి బరువు సర్దుకోవాలి.

ఎంత ఉండాలి? మొత్తం ట్రైలర్ బరువులో సుమారు పదో వంతు నొగ మీద పడాలి. నాదానికి 33 పౌండ్లు. కొలవడానికి స్నానాల గదిలో ఉండే బరువు చూసుకునే యంత్రం చాలు. సామానంతా ఎక్కించి, ట్రైలర్‌ని చదునైన చోట నిలిపి, యంత్రం మీద ఒక చెక్క దిమ్మ పెట్టి, హిచ్ ఎంత ఎత్తుందో అంతే ఎత్తులో నొగ చివర దాని మీద ఆనించండి. చెక్క బరువు తీసేస్తే మిగిలినదే లెక్క. ఆ రోజు ఇంటికి వచ్చి అదే సామాను అదే చోట పెట్టి కొలిస్తే 10 పౌండ్లు. ఐస్ పెట్టెని 30 అంగుళాలు ముందుకి జరిపాను. 35 అయింది. నా ట్రైలర్‌లో ఇరుసు నుంచి నొగ చివరికి 60 అంగుళాలు, కాబట్టి 50 పౌండ్ల పెట్టెని అందులో సగం దూరం జరిపితే 25 పౌండ్లు ముందుకి వస్తాయి. ఒక్క పెట్టెతో వచ్చిన తేడా అది. ఇప్పుడు ఆ పెట్టె ఉండాల్సిన చోట ట్రైలర్ అడుగున ఎర్ర రంగుతో గీత గీసి ఉంది. పులిహోర డబ్బా బండి మీది పక్క పెట్టెలోకి మారింది.

"అయితే ముందు ఎంత ఎక్కువ పెడితే అంత మంచిది." ఇదీ వినవద్దు. హిచ్ ఉండేది వెనక చక్రం ఇరుసుకి ఇంకా వెనక. అక్కడ నొక్కితే ముందు చక్రం తేలుతుంది. నా బండికి రెండు చక్రాల మధ్య దూరం 66.5 అంగుళాలు, హిచ్ ఉన్నది వెనక ఇరుసుకి 24 అంగుళాల వెనక. నొగ మీద 35 పౌండ్లుంటే ముందు చక్రం 13 పౌండ్లు తేలికవుతుంది. తట్టుకోవచ్చు. 80 పెడితే 29. ముందు చక్రమే కదా మనల్ని తిప్పేది, ఆపేది.

"కారుకి వాడే కప్లర్ చాలు." మోటార్‌సైకిలు వాలుతుంది, కారు వాలదు. బంతి మీద కూర్చునే మామూలు కప్లర్ కొంత దూరమే తిరుగుతుంది. మలుపులో బండి బాగా వాలినప్పుడు ఆ హద్దు తగిలితే ట్రైలర్ మనల్ని వాలనివ్వదు, లేదా మనతోపాటు ఒక చక్రం గాల్లోకి లేపుతుంది. నొగలోనే గుండ్రంగా తిరిగే స్వివెల్ ఉండాలి. అప్పుడు బండి పడిపోయినా ట్రైలర్ నిలబడే ఉంటుంది. కొనేముందు అమ్మేవాడి ముందే కప్లర్‌ని చేత్తో పట్టుకుని పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూడండి. గరగరలాడితే లోపల తుప్పుంది. సేఫ్టీ గొలుసులు రెండూ నొగ కింద గుణకారం గుర్తులా ఒకదాని మీదుగా ఒకటి వెళ్ళాలి. కప్లర్ ఊడిపోతే నొగ రోడ్డుని తాకకుండా వాటి ఒడిలో పడుతుంది.

లైట్ల వైర్లని బండి వైర్లకి నేరుగా అతికించమనే వాళ్ళుంటారు. వద్దు, మధ్యలో ఐసొలేటర్ పెట్టించండి. నేరుగా అతికిస్తే, ట్రైలర్‌లో షార్ట్ అయినప్పుడు బండి లైట్లు కూడా పోతాయి.

ఇక చక్రాలు. "అంత చిన్న ట్రైలర్ చక్రాలకి ఏమవుతుంది?" అంటారు. చిన్నవి కాబట్టే అవుతుంది. నాది ఎనిమిది అంగుళాల రిమ్ము, టైరుతో కలిపి సుమారు 16 అంగుళాల ఎత్తు. ఒక మైలుకి దాదాపు 1,260 సార్లు తిరుగుతుంది. 60 మైళ్ళ వేగంలో నిమిషానికి అన్ని చుట్లు. మూడు గంటలు ఆగకుండా వెళ్తే రెండు లక్షల ఇరవై వేలు పైనే. ఆ బరువంతా, ఆ తిరుగుడంతా చిన్న చిన్న బేరింగుల మీద. ఇరుసుకి కందెన వెయ్యనిదే తాతయ్య బండి ఊరు దాటించేవాడు కాదు. కీచుమనే చప్పుడు వినపడితే దారిలో ఆపి మరీ వేసేవాడు. మన బేరింగులు అలా కీచుమని ముందుగా చెప్పవు. పెట్రోలు కోసం ఆగిన ప్రతిసారీ గ్లవ్ తీసి అరచేతి వెనకవైపు హబ్బుకి ఆనించండి. గోరువెచ్చగా ఉంటే సరే. రెండు హబ్బులూ ఒకేలా ఉండాలి. ఒకటి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ రోజు ప్రయాణం అక్కడితో ఆగాలి. స్పేర్ చక్రం ఒకటి, దాని నట్లకి సరిపడే రెంచి ఒకటి ఎప్పుడూ లోపలే ఉండాలి. ఈ సైజు టైరు రోడ్డు మీద అడిగితే దొరకదు.

"ట్రాఫిక్ ఎంత వేగంగా వెళ్తే అంత వేగంగా వెళ్ళాలి, లేకపోతే వెనకవాళ్ళు గుద్దేస్తారు." మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ వేగం సూచించే అక్షరం లేని ఎస్‌టీ రకం ట్రైలర్ టైర్లకి హద్దు 65 మైళ్ళు. కాలిఫోర్నియాలో ఏ బండి వెనకైనా ట్రైలర్ ఉంటే 55 దాటకూడదని చట్టమే ఉంది. ఇంటర్‌స్టేట్ 81 మీద 70 మైళ్ళ బోర్డులున్న చోట్ల, లారీల వరసల మధ్య 60లో వెళ్ళడం నిజంగానే భయం వేసే పని. దానికి మందు వేగం పెంచడం కాదు. ఆ రోడ్డు దిగిపోవడం. దాని పక్కనే అదే లోయలో యూఎస్ 11 వెళ్తుంది. హారిసన్‌బర్గ్, స్టాంటన్, లెక్సింగ్టన్ అన్నీ దాని మీదే తగులుతాయి. ఇంకా మంచిది స్కైలైన్ డ్రైవ్. ఫ్రంట్ రాయల్ నుంచి రాక్‌ఫిష్ గ్యాప్ దాకా 105 మైళ్ళు, వేగం హద్దు 35. అక్కడినుంచి బ్లూ రిడ్జ్ పార్క్‌వే 469 మైళ్ళు, ఎక్కువ భాగం 45. ట్రైలర్ లాగే మోటార్‌సైకిలు కోసమే ఎవరో వేసినట్టుంటాయి ఆ రెండు రోడ్లూ. లారీలు ఉండవు, వేగం ఎవరూ అడగరు. సెప్టెంబరు సాయంత్రం స్కైలైన్ డ్రైవ్ మీది బిగ్ మెడోస్ దగ్గర బండి ఆపి, ట్రైలర్ మూత మీద స్టవ్ పెట్టుకుని టీ కాచుకుంటుంటే, పొగమంచులోంచి జింకలు బయటికొచ్చి గడ్డి మేస్తాయి. నేను ట్రైలర్ కొన్నది ఇలాంటి సాయంత్రాల కోసమే. అక్కడికి అరగంట ముందు చేరి మేం చేసేది ఏముంది?

మలుపుల్లో ఒక సంగతి చెప్పాలి. మన బండి చక్రం వెళ్ళిన దారిన ట్రైలర్ చక్రాలు రావు. రెండు చక్రాల ట్రైలర్‌లో ఒకటి ఎడమన, ఒకటి కుడిన, మలుపులో రెండూ లోపలికి కోసుకుంటూ వస్తాయి. మనం గుంటని తప్పించినా ట్రైలర్ అందులో పడుతుంది. గ్యాస్ స్టేషన్లో కాలిబాట అంచు ఎక్కేదీ అదే. "గుంట తప్పించావంటే తప్పించినట్టే" అని ఒంటరి బండి నడిపినవాళ్ళు అంటారు, అది ట్రైలర్‌కి పనికిరాదు.

"ఖాళీ ట్రైలర్‌తో రెండు చుట్లు తిరుగు, వచ్చేస్తుంది." ఖాళీ ట్రైలర్ ఎగురుతుంది తప్ప తొయ్యదు. దానితో నేర్చుకునేది మలుపు వెడల్పు ఒక్కటే. బ్రేకు సంగతి, గాలి సంగతి, దిగుడు సంగతి నేర్చుకోవాలంటే బరువు కావాలి. మా వాడికి చెప్పింది ఇది. గ్యాలన్ నీళ్ళ డబ్బాలు పన్నెండు కొను, ఒక్కోటి ఎనిమిది పౌండ్ల పైచిలుకు, మొత్తం వంద. ఇరుసు మీద, దానికి కాస్త ముందు సర్దు, కదలకుండా కట్టు. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే బడి పార్కింగ్‌లోకి వెళ్ళు. 20 మైళ్ళ నుంచి ఆగు, 30 నుంచి ఆగు, ఎక్కడ ఆగావో సుద్దతో గీత గియ్యి. ట్రైలర్ విప్పి మళ్ళీ అదే చెయ్యి. ఆ రెండు గీతల మధ్య దూరం కాళ్ళతో నడిచి చూడు. అప్పుడు గాని ఒంటికి ఎక్కదు. అయిపోయాక నీళ్ళు చెట్లకి పొయ్యి.

"వెనక్కి తియ్యడానికి రివర్స్ ఉందిగా" అన్నాడు మా వాడు. గోల్డ్‌వింగ్‌కి రివర్స్ ఉన్నమాట నిజమే. కానీ నొగ పొట్టి. పొట్టి నొగ ఉన్న ట్రైలర్ వెనక్కి తోస్తే రెండు మూడు అడుగుల్లోనే మడత పడి బండి పక్క పెట్టెని గీరుతుంది. ట్రైలర్ విప్పి చేత్తో తోసుకోవడమే తేలిక. దానికంటే తేలిక, ఇటు లోపలికెళ్ళి అటు బయటికి రాగలిగే చోటే ఆగడం. నేను ఏ హోటల్లోకైనా బండి తిప్పేముందు బయటికి దారి ఎటో చూస్తాను. కనపడకపోతే రోడ్డు మీదే ఆగి, దిగి, నడిచి వెళ్ళి చూసొస్తాను.

"ట్రైలర్ ఉందిగా, ఇంకో రెండు సంచులు పెట్టుకోవచ్చు." ఇది మా ఇంట్లోవాళ్ళ సలహా. పెట్టెలో ఖాళీ కనపడితే నింపాలనిపించడం మనుషులకి సహజం. రైస్ కుక్కరు, ఆవకాయ జాడీ, దుప్పట్లు, ఎవరికో ఇవ్వాల్సిన పచ్చళ్ళు. నా ట్రైలర్‌లో నాలుగో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. మా ఆవిడకి ఆ 81 మీది రోజు గుర్తుంది కాబట్టి ఇప్పుడు తనే ఎదురు చెబుతుంది, "ఇంక వద్దు, గీత దాటుతోంది" అని.

మా వాడు ఆఖర్న అడిగాడు. "బాబాయ్, పొద్దున్నే బయల్దేరితే చలవగా ఉంటుంది, మొదటి వంద మైళ్ళు ఆగకుండా కొట్టెయ్యమన్నారు."

"ఆ వంద మైళ్ళలో మొదటి పది మైళ్ళకే ఆగాలిరా" అన్నాను. ఇంటి దగ్గర బిగించిన తాళ్ళు పది మైళ్ళకి వదులవుతాయి. సామాను సర్దుకుని కిందికి కూర్చుంటుంది. కప్లర్ పిన్ను చూడు, గొలుసులు చూడు, రెండు హబ్బుల మీదా చెయ్యి పెట్టు, బ్రేకు లైటు ఎవరినైనా చూడమను. తలుపు తీసి ఐస్ పెట్టె గీత మీదే ఉందో లేదో చూడు. ఆ తరవాత నొగ ఒకసారి చేత్తో ఎత్తి చూడు. దానికి హిచ్ విప్పాలని నాకు తెలుసు. విప్పు.